త్రాసు చెప్పనిది, టేపు చెప్పేది

గత సంచికలో ఈ శీర్షిక క్రింద, నేరుగా కొలవడానికి వీలుకాని పరిమాణాలను పరోక్షంగా కొలిచే పద్ధతులను గురించి ముచ్చటించాము. నిల్వ ట్యాంకులో ఎంత చమురు ఉన్నదో తెలుసుకొనడానికి ఎవరూ ట్యాంకును ఎత్తి తూచరనీ, పైనుండి డిప్ టేపు వదలి, తడిసినంత మేర చూచి, ఆ ట్యాంకు కొరకే తయారైన కాలిబ్రేషన్ చార్టు సహాయంతో లెక్క చెప్తారనీ వ్రాశాము. అది చదివి కొందరు పాఠకులు ఉత్తరాలు వ్రాశారు. వాటిలో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసే ఒక సోదరుని భార్య వ్రాసిన ఉత్తరం మమ్ములను ఆలోచింపజేసింది. "మా వారి వైద్య పరీక్ష కార్డులో ప్రతి ఏడూ ఎత్తు, బరువు వ్రాసి, ప్రక్కన 'సాధారణం' అని వ్రాస్తూ వచ్చారు. ఈ ఏడు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నదన్నారు. బరువు సరిగా ఉన్న మనిషికి ఇది ఎలా వచ్చింది? ట్యాంకులో నూనె కొలిచినట్లు ఒంట్లో కొవ్వు కొలిచే ఉపాయం లేదా?" అన్నది ఆ సోదరి ప్రశ్న.

ఉపాయం ఉన్నది. దానికి కావలసిన పరికరం కూడా ఇంటిలో కుట్టుమిషను సొరుగులోనే ఉంటుంది. అయితే టేపు చెప్పే సంఖ్యను ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ నమ్మరాదో తెలియకుండా కొలిస్తే, మేలు కంటె కంగారే ఎక్కువవుతుంది. కనుక ఈ మాసం ఆ రెండు సంగతులూ కలిపి చెప్పుకొందాము.

త్రాసుకు మొత్తమే తెలుసు

త్రాసు మనిషిని ఒక మూటగా తూచుతుంది. ఎముక, కండ, నీరు, కొవ్వు అనే భేదం దానికి లేదు. బెల్జియం దేశపు గణాంకవేత్త అడాల్ఫ్ కెటెలే 19వ శతాబ్ది పూర్వార్ధంలో, పెద్దవారి బరువు సుమారుగా వారి ఎత్తు వర్గానికి అనులోమంగా ఉంటున్నదని గమనించాడు. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే ఆ నిష్పత్తికి 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టారు. జనసమూహాలను పోల్చి చూడడానికి అది చక్కని సాధనమే. కాని ఒక్క మనిషిని ఎదుట నిలబెట్టి అతని ఒంటిలో కొవ్వు ఎంత అని అడిగితే, ఆ నిష్పత్తి మౌనం వహిస్తుంది.

దీనికి చక్కని నిదర్శనం 1942లోనే లభించింది. అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కే, ఆయన సహచరుడు వెల్హమ్ కలిసి 25 మంది వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారులను పరీక్షించారు. ఎత్తు, బరువుల పట్టిక ప్రకారం వారిలో 17 మంది స్థూలకాయులు, అనగా సైనిక సేవకు తగనివారు. కాని నీటిలో తూచి సాంద్రత లెక్కించగా, వారిలో పెక్కుమంది బరువు కండ బరువేగాని కొవ్వు బరువు కాదని తేలింది. పట్టిక తప్పు కాదు. అది జవాబు చెప్పలేని ప్రశ్నను దానిని అడగడమే పొరపాటు.

మన దేశంలో ఈ తికమక ఎదురు దిశలో వచ్చింది. 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఇద్దరు వైద్య శాస్త్రజ్ఞులు ప్రక్కప్రక్కన నిలబడిన ఛాయాచిత్రం ఒకటి ప్రచురితమయినది. ఒకరు పుణే కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండవవారు లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్సూ ఒక్కటే, 22.3. ఏ పట్టికలో చూచినా ఇద్దరూ 'సాధారణమే'. కాని యంత్రంతో పరీక్షించగా యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం ఉండగా, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉన్నది. ఇద్దరి పేర్లలోని తొలి ఆంగ్లాక్షరాన్ని పట్టి దీనిని 'వై-వై వైరుధ్యం' అన్నారు. భారతీయులలో అదే బరువుకు కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా, అందునా పొట్ట భాగంలో ఎక్కువగా ఉండే స్వభావం ఉన్నదని ఆ ఒక్క చిత్రం లోకానికి తెలియజెప్పింది.

ఈ కారణం చేతనే మన దేశపు వైద్య నిపుణులు 2009లో వెలువడిన ప్రకటనలో భారతీయులకు హద్దులను దించారు. అంతర్జాతీయ పట్టికలో బాడీ మాస్ ఇండెక్స్ 25 చేరితే అధిక బరువు, 30 చేరితే స్థూలకాయం కాగా, మనకు 23 వద్దనే అధిక బరువు, 25 వద్దనే స్థూలకాయం అని నిర్ణయించారు. నడుము చుట్టుకొలతకు పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. ఉత్తరం వ్రాసిన సోదరికి ఇందులో సగం జవాబు దొరుకుతుంది. కార్డుపై 'సాధారణం' అనే మాట ఏ పట్టికను చూచి వ్రాశారన్నది అడుగవలసిన మొదటి ప్రశ్న. నడుము కొలిచారా అన్నది రెండవ ప్రశ్న.

నీటిలో తూచిన మనిషి

కొవ్వును కొలవడానికి మూలసూత్రం ఆర్కిమెడీస్‌దే. కొవ్వు సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, అందుకే నూనె నీటిపై తేలుతుంది. కండ, ఎముక, నీరు మొదలైనవన్నీ కలిపిన మిగిలిన శరీరపు సగటు సాంద్రత సుమారు 1.1 గ్రాములు. రెండు పదార్థాల సాంద్రతలు తెలిసి, మిశ్రమపు సాంద్రత కూడా తెలిస్తే, ఏది ఎంత ఉన్నదో చెప్పవచ్చును. పాలలో లాక్టోమీటరు వేసి చూచే పద్ధతికి ఇది దూరపు చుట్టమే. 1961లో సైరీ అనే శాస్త్రజ్ఞుడు దీనిని చిన్న సూత్రంగా మలిచాడు.

కొవ్వు శాతం = (495 ÷ సాంద్రత) − 450

సాంద్రత 1.05 అయితే కొవ్వు 21.4 శాతమని ఈ సూత్రం చెప్తుంది. ఇక సాంద్రత కనుగొనడమే మిగిలిన పని. 70 కిలోల మనిషి సాంద్రత 1.05 అనుకొందాము. అతని ఘనపరిమాణం 66.7 లీటర్లు. నీటిలో పూర్తిగా మునిగితే అతడు అంత నీటిని త్రోసివేస్తాడు గనుక, ఊపిరితిత్తులలో గాలి లేదనుకొంటే నీటిలో అతని బరువు 3.3 కిలోలు మాత్రమే. డెబ్బది కిలోల మనిషి మూడు కిలోల పైచిలుకుకు దిగిపోయాడు! ఊపిరి ఎంత వదలినా ఊపిరితిత్తులలో లీటరుకు పైగా గాలి మిగిలే ఉంటుంది. ఆ గాలిలో ఒక్క లీటరును లెక్కించడం మరచినా అతని కొవ్వు 21.4కు బదులు 28.5 శాతంగా కనిపిస్తుంది. అందువలన ఈ పద్ధతికి నీటి తొట్టి, వ్రేలాడే కుర్చీ, మిగులు గాలిని కొలిచే పరికరం, అన్నిటికీ మించి నీటి అడుగున ఊపిరి వదలి కదలకుండా కూర్చోగల మనిషి కావాలి. పరిశోధనశాలకు ఇది సరే. టౌన్‌షిప్ ఆసుపత్రికి కుదిరే పని కాదు.

టేపు, మెడ, నడుము

నౌకాదళానికి ఇదే చిక్కు వచ్చింది. వేలాది నావికులను ఓడలలోనే పరీక్షించాలి. ఓడలో తొట్టి పెట్టలేరు. 1984లో శాన్ డియాగోలోని నౌకాదళ ఆరోగ్య పరిశోధన కేంద్రంలో హాడ్జ్‌డన్, బెకెట్ అనే పరిశోధకులు, నావికులను నీటిలో తూచి సాంద్రత కనుగొని, అదే మనుషులకు టేపు చుట్టి తీసిన కొలతలతో దానిని జతపరిచారు. మన పరిభాషలో చెప్పాలంటే, మానవదేహమనే ట్యాంకుకు కాలిబ్రేషన్ చార్టు తయారుచేశారు. కొలతలు సెంటీమీటర్లలో తీసుకొన్నప్పుడు పురుషులకు వారి సూత్రం ఇది.

సాంద్రత = 1.0324 − 0.19077 × లాగ్ (నడుము − మెడ) + 0.15456 × లాగ్ (ఎత్తు)

స్త్రీలకు పిరుదుల కొలత కూడా చేరుతుంది.

సాంద్రత = 1.29579 − 0.35004 × లాగ్ (నడుము + పిరుదులు − మెడ) + 0.22100 × లాగ్ (ఎత్తు)

లాగ్ అనగా పది ఆధారంగా గల సంవర్గమానం. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలున్న ఇంటిలో ఈ లెక్కకు పెద్దలు శ్రమపడనక్కరలేదు; సెల్‌ఫోనులోని కాలిక్యులేటరు చాలును. వచ్చిన సాంద్రతను పైన చెప్పిన సైరీ సూత్రంలో ఉంచితే కొవ్వు శాతం వస్తుంది.

కొవ్వు లెక్కలో మెడ ఎందుకు వచ్చినదని ఎవరికైనా సందేహం కలుగుతుంది. నడుము పెద్దదిగా ఉండడానికి రెండు కారణాలు ఉండవచ్చును: మనిషి కట్టుబడే పెద్దది కావచ్చు, లేదా పొట్ట పెరిగి ఉండవచ్చు. మెడ చుట్టుకొలత కట్టుబడినీ, కండపుష్టినీ కొంతవరకు తెలియజేస్తుంది. నడుము నుండి మెడను తీసివేస్తే, కట్టుబడి పాలు కొంత పోయి పొట్ట పాలు మిగులుతుంది. ఎత్తు కూడా అటువంటి సవరణే. ఒకే నడుము కొలత పొడగరికి తక్కువ దోషం, పొట్టివానికి ఎక్కువ దోషం.

ఒక ఉదాహరణ చూద్దాము. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు, మెడ 38, నడుము 92 సెంటీమీటర్లు గల పురుషుడు. నడుములోనుండి మెడ తీసివేస్తే 54. సూత్రంలో ఉంచగా సాంద్రత 1.04665, కొవ్వు 22.9 శాతం వస్తుంది. అనగా 70 కిలోలలో 16 కిలోలు కొవ్వు, 54 కిలోలు మిగిలిన దేహం. ఇతని బాడీ మాస్ ఇండెక్స్ 24.2. అంతర్జాతీయ పట్టికలో ఇది సాధారణం. మన పట్టికలో అధిక బరువు. నడుము హద్దు దాటినది. ఒకే మనిషి, మూడు తీర్పులు.

అలాగే ఎత్తు 155, మెడ 32, నడుము 78, పిరుదులు 98 సెంటీమీటర్లు గల స్త్రీకి 33.2 శాతం వస్తుంది. గృహిణులు ఈ సంఖ్యను చూచి, ప్రక్కనున్న పురుషుని సంఖ్యతో పోల్చుకొని కంగారుపడరాదు. స్త్రీ దేహానికి ప్రకృతి సహజంగానే ఎక్కువ కొవ్వు అవసరం. జీవించడానికి తప్పనిసరియైన కొవ్వు పురుషునిలో సుమారు 3 శాతం కాగా, స్త్రీలో సుమారు 12 శాతమని బెన్కే లెక్క కట్టాడు. పురుషులలో 25 శాతం, స్త్రీలలో 30 లేక 35 శాతం దాటితే అధికమని వాడుకలో ఉన్న హద్దు.

కొలిచే పద్ధతి

మంచి కొలతకు నియమాలు కొద్దివే, కాని వాటిని విడువరాదు. మొదట టేపును పరీక్షించండి. బట్ట టేపు ఏళ్ళు గడిచేకొద్దీ సాగుతుంది. స్టీలు స్కేలు ప్రక్కన పెట్టి చూచి, తేడా ఉంటే మార్చండి. ఉదయం కాలకృత్యాలు తీర్చుకొన్న తరువాత, ఫలహారానికి ముందు కొలవండి. మెడను గొంతుముడికి కొంచెం క్రిందుగా కొలవాలి. పురుషులకు నడుము బొడ్డు మట్టంలో, స్త్రీలకు పొట్ట మీద అన్నిటికంటె సన్నని చోట, పిరుదులు అన్నిటికంటె వెడల్పయిన చోట కొలవాలన్నది ఈ సూత్రపు నియమం. టేపు వెనుక వైపు జారకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. చర్మాన్ని ఒత్తరాదు, వదులుగా వ్రేలాడరాదు. మామూలుగా ఊపిరి వదలిన తరువాత చదవండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

ప్యాంటు సైజును నడుము కొలతగా భావించేవారు చాలామంది ఉన్నారు. ప్యాంటు పొట్ట క్రిందికి జారి తుంటి ఎముకలపై నిలుస్తుంది గనుక, పొట్ట నాలుగంగుళాలు పెరిగినా బెల్టు అదే బెజ్జంలో నిలువవచ్చును. ఈ విషయంలో మన పూర్వుల మొలత్రాడే కొంత నయం. అది బిగుసుకొంటే ఇంటిలోని పెద్దలు కనిపెట్టి, మరొక ముడి వదులు చేస్తూ ఒక మాట అనేవారు.

టేపు ముందు నిలబడగానే పొట్ట లోపలికి లాగడం మానవ స్వభావం. పై ఉదాహరణలోని పురుషుడు ఊపిరి బిగబట్టి నాలుగు సెంటీమీటర్లు దాచివేస్తే, అతని కొవ్వు 22.9 నుండి 20.1 శాతానికి దిగిపోతుంది. ఒక గ్రాము కొవ్వు కూడా కరగలేదు. వైద్యుని ముందు ఇలా నెగ్గినా, తన దేహం ముందు నెగ్గలేము.

సంఖ్యకు గల హద్దులు

ఇక అసలు జాగ్రత్త. ఏ మీటరుకైనా దాని ఖచ్చితత్వం డయలు మీద వ్రాసి ఉంటుంది. ఈ సూత్రానికి ప్రామాణిక దోషం పురుషులలో సుమారు 3.5, స్త్రీలలో సుమారు 3.7 శాతాంశాలు. అనగా సూత్రం 23 అన్నప్పుడు నిజం 20 కావచ్చు, 26 కావచ్చు; కొందరిలో తేడా ఇంకా ఎక్కువే ఉండవచ్చు. కాలిక్యులేటరు 22.94 అని రెండు దశాంశ స్థానాలు చూపినంత మాత్రాన కొలత అంత సూక్ష్మమైనదని భావించరాదు. '23 చుట్టుప్రక్కల' అని చదువుకోవడమే న్యాయం.

రెండవ సంగతి మరింత ముఖ్యం. ఒక ట్యాంకు కొరకు తయారైన చార్టుతో మరొక ట్యాంకును లెక్క కట్టరాదని మన స్టోర్సులో క్రొత్తగా చేరిన కుర్రవానికి కూడా తెలుసు. ఈ చార్టు అమెరికా నావికులను కొలిచి తయారుచేసినది. మన నిర్మాణం వేరని వై-వై వైరుధ్యం చెప్పనే చెప్పినది. కనుక మన విషయంలో ఈ సంఖ్యను తుది తీర్పుగా గాక, ఒక అంచనాగా మాత్రమే తీసుకోవాలి.

మరొక సూత్రంతో సరిచూస్తే ఇది బోధపడుతుంది. 2018లో లాస్ ఏంజిలిస్‌లోని సీడార్స్-సైనాయ్ వైద్య కేంద్రానికి చెందిన వుల్‌కాట్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు చాలా తేలికైన సూత్రం ఒకటి ప్రకటించారు. ఎత్తును నడుముతో భాగించి, ఇరవైతో గుణించి, పురుషులకు 64 నుండి, స్త్రీలకు 76 నుండి తీసివేయడమే. ఇందులో నడుమును తుంటి ఎముక పై అంచు మట్టంలో కొలుస్తారు. మన ఉదాహరణలోని పురుషునికి అక్కడ కూడా 92 సెంటీమీటర్లే వచ్చినదనుకొంటే, ఈ సూత్రం 27 శాతం అంటుంది. ఒక సూత్రం 23, మరొకటి 27! మనిషి ఒక్కడే, టేపు ఒక్కటే. ఇందులో ఏది నిజమని తగవులాడుకోవడం కంటె, రెండూ ఒకే దిశను చూపుతున్నవని గ్రహించడం వివేకం.

కొవ్వు శాతం చూపే ఎలక్ట్రానిక్ తూనిక యంత్రాలు బజారులో దొరుకుతున్నవి గదా, ఈ లెక్కలెందుకని కొందరు అడుగవచ్చును. ఆ యంత్రం కొవ్వును కొలవదు. పాదాల గుండా స్వల్ప విద్యుత్తును పంపి, దేహపు నిరోధాన్ని కొలిచి, తనలో దాచుకొన్న సూత్రంతో కొవ్వును అంచనా కడుతుంది. ఒంటిలో నీటి శాతం మారితే నిరోధం మారుతుంది. నిరోధం మారితే కొవ్వు మారినట్లు చూపుతుంది. అదీ పరోక్ష కొలతే. టేపుకు గల సుగుణమేమంటే, అది తన సూత్రాన్ని దాచుకొనదు.

దారంతో తేలిపోయే లెక్క

ఈ లెక్కలన్నీ వద్దనుకొనేవారికి ఒక సులభమైన మార్గం ఉన్నది. మీ ఎత్తుకు సరిపడా దారం తీసుకొని, సగానికి మడవండి. ఆ సగం దారం నడుము చుట్టూ తిరిగి కొసలు కలిస్తే సరే. కలవకపోతే నడుము ఎత్తులో సగాన్ని మించినదన్నమాట. 2022లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్, నడుమును ఎత్తులో సగానికి లోపుగా ఉంచుకొనవలసినదని ప్రజలకు సలహా ఇచ్చినది. 2025 జనవరిలో స్థూలకాయంపై వెలువడిన లాన్సెట్ కమిషన్ నివేదిక కూడా, బాడీ మాస్ ఇండెక్సు ఒక్కటే చూచి నిర్ణయించరాదనీ, నడుము కొలత వంటి మరొక కొలతనైనా జతచేయాలనీ చెప్పినది. మన ఉదాహరణలోని 170 సెంటీమీటర్ల మనిషికి సగం 85, నడుము 92. దారం ఏడు సెంటీమీటర్లు చాలలేదు.

ఇంతకూ పొట్ట మీదనే ఈ పట్టుదల ఎందుకు? చర్మం క్రింద ఉండే కొవ్వు చాలామటుకు నిల్వ సరకు. పొట్ట లోపల ప్రేగుల చుట్టూ పేరుకొనే కొవ్వు అలా ఊరకుండదు. అక్కడ విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి వెళ్ళే రక్తనాళంలో చేరతాయి. కాలేయంలో కొవ్వు పేరుకొంటుంది, ఇన్సులిన్ మాట చెల్లకుండా పోతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఉత్తరం వ్రాసిన సోదరి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇందులో ఉండవచ్చును. బరువు మారకుండానే, వయసుతో కండ తరిగి ఆ చోటును కొవ్వు ఆక్రమించే అవకాశం ఉన్నది. త్రాసు ముల్లు ఉన్నచోటనే ఉంటుంది. లోపలి సరకు మారిపోతుంది. చక్కెర వ్యాధికి వంశపారంపర్యం మొదలుగా ఇతర కారణాలు కూడా ఉన్నవి గనుక, వారి విషయంలో నిర్ణయం చెప్పవలసినది వైద్యుడే.

నెలకొక్క వరుస

ఈ సంఖ్య ఎంత అన్నది కాక, ఎటు కదులుతున్నది అన్నదే మనకు పనికివచ్చే సమాచారం. యంత్రం బేరింగు ఉష్ణోగ్రతను లాగ్‌షీటులో వ్రాసే సోదరులకు ఇది క్రొత్త కాదు. థర్మామీటరు రెండు డిగ్రీలు ఎక్కువ చూపేదైనా, రోజూ అదే థర్మామీటరుతో చూస్తే బేరింగు వేడెక్కుతున్న సంగతి తెలిసిపోతుంది. అదే టేపు, అదే చోటు, అదే వేళ, వీలయితే అదే మనిషి చేత కొలిపించుకొంటే, సూత్రంలోని స్థిరమైన దోషం ప్రతి నెలా ఒకేలా ఉంటుంది, మార్పు బయటపడుతుంది. నెలకొకసారి చాలును. నోటుపుస్తకంలో తేదీ, బరువు, మెడ, నడుము వ్రాసి పెట్టండి.

అది ఎలా ఉపకరిస్తుందో చూడండి. మన ఉదాహరణలోని పురుషుడు ఆరు నెలలు రోజూ నడిచి, కండలకు పని కల్పించే వ్యాయామం చేసి, అన్నం కొంత తగ్గించి పప్పు, కూర పెంచాడనుకొందాము. బరువు 70 నుండి 69కి వచ్చినది. నడుము 92 నుండి 88కి వచ్చినది. త్రాసు చూచి ఇంతేనా అని నిట్టూరుస్తాడు. లెక్క కట్టితే కొవ్వు 20.1 శాతం, అనగా 13.9 కిలోలు, రెండు కిలోల కొవ్వు పోయి, ఒక కిలో కండ చేరినట్లు అంచనా. మరొకడు అదే ఎత్తు, అదే బరువు, అవే కొలతలతో మొదలుపెట్టి, పూటలు మాని కడుపు మాడ్చుకొన్నాడు. బరువు 66కు దిగినది. నడుము 90, మెడ 37 అయినవి. కాంటీనులో అందరూ ఇతనినే మెచ్చుకొంటారు. లెక్కలో కొవ్వు 22.2 శాతం, అనగా 14.7 కిలోలు. పోయిన నాలుగు కిలోలలో కొవ్వు కిలోంపావు మాత్రమే. మిగిలినది ఒంటికి కావలసిన సరకే. ఇవి పద్ధతి తెలియడానికి కల్పించిన అంకెలు. నిజ జీవితంలో ఒక నెల తేడాను చూచి సంబరపడరాదు, దిగులుపడరాదు. నాలుగైదు వరుసలు ఒకే దారిన నడిస్తేనే దానిని మార్పుగా నమ్మాలి.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో పొట్ట భాగపు స్థూలకాయాన్ని నివారించుకొనవలసినదని ప్రత్యేకంగా చెప్పారు. రాత్రి షిఫ్టులు చేసేవారు, రోజంతా కంట్రోలు రూములో కూర్చొనేవారు ఈ మాటను మరింత శ్రద్ధగా వినాలి.

ఎవరిని కొలవరాదు

గర్భిణులకు ఈ సూత్రాలు వర్తించవు. ఎదిగే పిల్లలకూ వర్తించవు. వారి ఎదుగుదలకు వేరే పట్టికలు ఉన్నవి, వాటిని చూడవలసినది పిల్లల వైద్యులు. పొట్టలో నీరు చేరే జబ్బులున్నవారికి నడుము కొలత కొవ్వును సూచించదు. చక్కెర, రక్తపోటు పరీక్షలకు టేపు ప్రత్యామ్నాయం కానేకాదు. దారం కొసలు కలిసినవారు కూడా ఆ పరీక్షలు మానరాదు.

ఇంకొక మాట ముఖ్యంగా చెప్పదలచాము. టేపు ఎవరి చేతిలో ఉంటే వారి నడుముకే చుట్టుకోవాలి. విభాగంలో అందరినీ వరుసగా నిలబెట్టి ఎవరి శాతం ఎంతో గోడపై వ్రాయడం వేడుక కాదు. పెళ్ళీడుకు వచ్చిన ఆడపిల్లను కొలిచి, నీ సంఖ్య ఇంత అని భోజనాల వేళ చెప్పడం అసలే వేడుక కాదు. మూడు నాలుగు శాతాంశాలు అటూ ఇటూ కాగల అంచనాతో ఒక పిల్ల అన్నం మానివేసే పరిస్థితి తీసుకొని వస్తే, ఆ కొలత వలన కలిగిన నష్టం ఏ సూత్రానికీ అందదు.

వచ్చే వార్షిక వైద్య పరీక్షకు వెళ్ళేటప్పుడు, ఎత్తు, బరువుల ప్రక్కన నడుము కొలతను కూడా వ్రాయవలసినదిగా కోరండి. కార్డులో ఆ గడి లేకపోతే మీ నోటుపుస్తకంలోని వరుసలనే వైద్యునికి చూపండి. ఒక్కనాటి సంఖ్య కంటె ఏడాది పొడవునా వ్రాసిన పన్నెండు వరుసలు ఆయనకు ఎక్కువ సంగతి చెప్తాయి.